ఒడెట్, ఒడీల్: ఒకే నర్తకి, రెండు పాత్రలు. కూచిపూడి పిల్లలకు ఏం చూపించాలి?

కోనసీమ నట్టువాంగం, అమలాపురం

సంక్రాంతి సెలవుల్లో ఇక్కడి నృత్యశాల పిల్లలకు ‘స్వాన్ లేక్’ బ్యాలే రికార్డింగు తెర మీద వేస్తున్నాం. మంత్రగాడి మాయతో హంసగా మారిన ఒడెట్ కథ ఇది. ఆమెలా వచ్చిన ఒడీల్‌ను చూసి ఒడెట్టే అనుకుని రాజకుమారుడు ప్రేమ ప్రమాణం చేసి మోసపోతాడు. చూసేది సుమారు 40 మంది, అందరూ కూచిపూడి నేర్చుకుంటున్నవాళ్ళే. పదేళ్ళ వాళ్ళ నుంచి ఇంటర్ చదివేవాళ్ళ దాకా ఉన్నారు. మొత్తం వేస్తే రెండు గంటలు దాటుతుంది, చిన్నవాళ్ళు కూర్చోలేరు. ప్రధాన నర్తకి మీదే చూపు నిలపాలన్నది ఉద్దేశం.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపి చెప్పాలి? ఒడీల్ ఒంటికాలి మీద వరసగా తిరిగే 32 చుట్ల సంగతి అందరూ అడుగుతారు, దాని లెక్క ఏమిటి? ఇంకోటి, పెద్దపిల్లల్లో ఇద్దరు ముగ్గురు పాయింట్ షూస్ తెప్పించుకుని మునివేళ్ళ మీద నిలబడాలని ఉబలాటపడుతున్నారు. శాలలో నేల గ్రానైట్. వాళ్ళకు ఏం చెప్పాలో తెలిసినవారు చెప్పండి.

తెరవెనుక, కాకినాడ

మొదటి అంకం వదిలేయండి. అందులో రాజకుమారుడు సీగ్‌ఫ్రీడ్ పుట్టినరోజు వేడుక తప్ప నాయిక ఉండదు. ఒడెట్ వచ్చేది రెండో అంకంలో, సరస్సు దగ్గర. అక్కడ మొదలుపెట్టి, మూడో అంకంలో ఒడీల్ రాక నుంచి రాజకుమారుడు ప్రమాణం చేసేదాకా వేసి, చివరి అంకంలో ఆఖరి ఘట్టం చూపిస్తే గంటలో సరిపోతుంది.

ముందు ఈ నాలుగు ముక్కలు చెప్పండి. సంగీతం చైకోవ్‌స్కీది. 1877లో మాస్కో బల్షోయి నాటకశాలలో తొలిసారి ఆడారు, అంతగా నిలవలేదు. మనం ఇప్పుడు చూసే రూపానికి మూలం 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్ మరీన్‌స్కీ రంగస్థలం మీద ఆడినది. అప్పటికి చైకోవ్‌స్కీ పోయి ఏడాది దాటింది. సరస్సు ఘట్టాలు లెవ్ ఇవనోవ్ కూర్చాడు, రాజభవనం ఘట్టాలు మారియస్ పెటిపా కూర్చాడు. రెండు పాత్రలూ వేసింది ఇటలీ నర్తకి పియెరీనా లెన్యానీ. ఒడెట్ నృత్యం కూర్చింది ఒకరు, ఒడీల్‌ది కూర్చింది ఇంకొకరు అన్నమాట. ఆ తేడా తెలిసి చూస్తే ఒకే మనిషి రెండు వేరు భాషలు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది.

రికార్డింగు ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. రెండో అంకంలో ఒడెట్ తన కథను చేతులతో చెప్పే మూకాభినయం కొన్నిటిలో ఉంటుంది, చాలా రష్యన్ రూపాల్లో తీసేశారు. అభినయం నేర్చిన పిల్లలకు అది ఉన్నదే వేయాలి.

జడకుచ్చు, పాలకొల్లు

ఆ మూకాభినయం ముందే నేర్పేసి కూర్చోబెట్టండి, పిల్లలు తేలిగ్గా పట్టేస్తారు. కిరీటం తాకి చూపితే రాణిని అని. సరస్సును చూపి, చెంపల మీదుగా వేళ్ళు కిందికి జార్చితే అది తన తల్లి కన్నీళ్ళతో నిండిందని. చేతులు గుండెకు చేరిస్తే ప్రేమ. ఉంగరపు వేలు చూపితే పెళ్ళి. రెండు వేళ్ళు పైకెత్తితే ప్రమాణం. పిడికిళ్ళు బిగించి మణికట్లు ఒకదాని మీద ఒకటి వేసి కిందికి దించితే చావు. మూడో అంకంలో రాజకుమారుడు రెండు వేళ్ళు ఎత్తినప్పుడు ఇంకెవరూ వివరించనక్కర్లేదు, హాలంతా ఉలిక్కిపడుతుంది.

మన హస్తాలతో పోలిక చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. మనకు పతాకం ఒక్కటే ఎన్నో అర్థాలకు వినియోగం అవుతుంది, చూపూ ముఖమూ కలిస్తేనే అర్థం తేలుతుంది. వాళ్ళ మూకాభినయంలో ఒక సైగకు దాదాపు ఒకే అర్థం. చేయి వెళ్ళిన చోటికే చూపు వెళ్ళాలన్న సూత్రం మాత్రం రెండు చోట్లా ఉంది.

మద్దెల, తణుకు

32 చుట్ల లెక్క ఆదితాళంలో పెట్టి చూపించవచ్చు. మూడో అంకంలో ఒడీల్, రాజకుమారుల జంట నృత్యం చివర కోడా అనే వేగమైన భాగం వస్తుంది. అది రెండు లెక్కల నడక. రెండు లెక్కలకు ఒక చుట్టు. ఆ రెంటినీ కలిపి ఒక అక్షరంగా పట్టుకుంటే 8 చుట్లకు ఒక ఆవర్తనం, 32 చుట్లకు నాలుగు ఆవర్తనాలు. సంగీతం కూడా ఎనిమిదేసి బార్ల వాక్యాలుగానే నడుస్తుంది కాబట్టి ఎక్కడా అతకడం కష్టం కాదు. లఘువూ రెండు ద్రుతాలూ చేత్తో వేస్తూ చూడమనండి.

కొందరు నర్తకులు మధ్యలో జంట చుట్లు వేస్తారు. జంటకు రెండు అక్షరాలు తీసుకుంటే కాలు చాపే సార్లు తగ్గుతాయి గానీ మొత్తం అక్షరాలు మారవు. అందుకని చుట్లు లెక్కపెడితే పిల్లలు తికమకపడతారు, తాళం వేస్తే పడరు.

అయితే నా మనసులో మాట చెబుతాను. ఒడెట్ గొప్పదనం తాళంలో పడే చోట కంటే పడకుండా ఆగే చోట తెలుస్తుంది. రెండో అంకం అదాజియోలో, అంటే నెమ్మదిగా సాగే జంట నృత్యంలో, ముందు వయొలిన్ ఒంటరిగా పాడుతుంది, తర్వాత సెల్లో వచ్చి కలుస్తుంది. మంచి నర్తకి ఆ స్వరం ఆఖరి కొస దాకా కదలికను సాగదీస్తుంది. చేయి ఆగిపోయిందనుకుంటాం, వేళ్ళ చివర ఇంకా నడుస్తూనే ఉంటుంది. అదే నర్తకి ఒడీల్‌గా వచ్చాక స్వరం మొదట్లోనే దిగి నిలబడాలి, తీర్మానం పడ్డట్టు ఖణీమని. ఒకే ఒంట్లో రెండు కాలప్రమాణాలు పెట్టుకోవడమన్నమాట. ఎవరైనా రెండు పాత్రలకూ ఒకే తీరున కదిలితే 32 కాదు 64 తిరిగినా పాత్ర తప్పినట్టే.

ఏటిగట్టు, నరసాపురం

అయితే ఆ చుట్ల గొడవ ఎందుకండీ? అది చూపిస్తే పిల్లలకు అదొక్కటే గుర్తుంటుంది. రష్యా నర్తకి మాయా ప్లిసెట్స్‌కాయా అంతటి ఆవిడే వాటి బదులు వేదిక చుట్టూ వలయంగా తిరిగే చుట్లు వేసేది. ఆమె ఒడీల్‌ను ఎవరూ తక్కువ అనలేదు.

భ్రమరి, రాజమండ్రి

ఏటిగట్టు గారూ, ప్లిసెట్స్‌కాయా మాట నిజమే. కానీ ఆ చోట ఏదో ఒక ఉధృతం ఉండి తీరాలి. అక్కడ రాజకుమారుడి కళ్ళు బైర్లు కమ్మాలి. ఒడీల్ అతన్ని ఆలోచించనివ్వకూడదు. అది కథకు కావాల్సిన పని, కాబట్టి తీసేయకండి, అర్థంతో చూపించండి. లెన్యానీ 1893లోనే అదే ఊళ్ళో ‘సిండరెల్లా’లో 32 వేసి చూపించింది. ఈ బ్యాలేలో పెట్టింది ఆ తర్వాత.

ఇక పని తీరు. దీన్ని ఫువెతే అంటారు, కొరడా ఝళిపింపు అని అర్థం. మనకు అభినయదర్పణంలో ఏడు భ్రమరులు, అంటే చుట్టు తిరిగే తీరులు, ఉన్నాయి కదా, అందులో ఏకపాద భ్రమరికి ఇది దగ్గర. కానీ మనవాళ్ళు పాదం నేలను పట్టుకుని తిరుగుతారు, ఇక్కడ ప్రతి చుట్టుకూ దిగి మళ్ళీ మునివేళ్ళ మీదికి లేవాలి.

చాలామంది కుడివైపు తిరుగుతారు, అప్పుడు ఎడమకాలు ఆధారం. ముందు మామూలు చుట్టు ఒకటి వేసి ఊపు తెచ్చుకుంటారు. ఆధారకాలు మోకాలు వంచి మడమ నేలకు ఆన్చుతుంది, అదే క్షణంలో కుడికాలు ముందుకు చాపుతుంది. ఆధారకాలు పైకి లేస్తుండగా ఆ చాపిన కాలు పక్కకు కొట్టి, పాదం మోకాలి దగ్గరికి ముడుచుకుంటుంది. ఒళ్ళు గిర్రున తిరిగి ముందుకు వస్తుంది. రష్యా పద్ధతిలో ముందుకు చాపకుండా నేరుగా పక్కకే చాపుతారు.

గమనించాల్సింది ఇది. కాలు చాపినప్పుడు నర్తకి ఒక్క క్షణం మనకు ఎదురుగా ఆగినట్టు కనిపిస్తుంది. ఒళ్ళు ఆగినా చాపిన కాలు తిరుగుతూనే ఉంటుంది, తిరుగుడు బలమంతా ఆ కాలే మోస్తుంది. ముడవగానే బలం ఒంటికి వచ్చేస్తుంది. నేల రాపిడికి పోయిన కాస్త బలాన్ని మడమ నేలను నెట్టి పూడుస్తుంది. ఈ ఎత్తుగడ లేకపోతే 32 కాదు, నాలుగైదుకే ఊపు చచ్చిపోతుంది.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, కాలు పక్క దాటి వెనక్కి పోతే తుంటి జారుతుంది, నడుము వెనక్కి వాలుతుంది. మడమ పూర్తిగా దించకపోతే ఇరవై దాటేసరికి పిక్క పట్టేస్తుంది. చేతులు ఆలస్యంగా మూసినా, ఎక్కువ ఎత్తు మూసినా భుజాలు లేచి ఒళ్ళు ఒరిగిపోతుంది. తల అన్నిటికంటే చివర వదిలి అన్నిటికంటే ముందు తిరిగి అదే బిందువును పట్టుకోవాలి, ఆ బిందువు పోతే చుట్టు పోయినట్టే. అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది జరుగుడు. మొదలెట్టిన చోటి నుంచి నెమ్మదిగా ముందుకు, వేదిక అంచువైపు వచ్చేస్తారు. కాస్త ముందుకు రావడం పెద్ద తప్పేం కాదు, పక్కకు జరిగితే మాత్రం ఇరుసు ఒరిగిందని గుర్తు.

నీటిపిట్టలు, ఆకివీడు

నాట్యం గురించి మాట్లాడేంత చదువు లేదు గానీ పక్షుల రెక్క గురించి ఒక మాట. మన వైపు హంసలు లేవు. పిల్లలకు హంసంటే బొమ్మల్లో చూసిందే. కొల్లేరు మీద, ఆటపాక దగ్గర గూడబాతులు దొరుకుతాయి, బరువైన పక్షులు, నీటి మీద నుంచి లేవడానికి హంసలాగే కష్టపడతాయి. వరిచేలో తెల్లకొంగైనా పనికొస్తుంది. చూడాల్సింది రెక్క పైకెత్తేటప్పుడు. ముందు లేచేది రెక్క మధ్య మడత, మన మణికట్టులాంటి చోటు. చివరి ఈకలు వెనకబడి, ఆలస్యంగా వస్తాయి. దించేటప్పుడు రెక్క పూర్తిగా విప్పుకుని గాలిని నొక్కుతుంది. ఒడెట్ చేతుల్లో అదే వరస కనిపిస్తుందా?

తెరవెనుక, కాకినాడ

కనిపిస్తుందండీ, బాగా అడిగారు. ఒక్క మార్పు. నర్తకి చేయి భుజం దగ్గర మొదలవదు, వీపు మీద రెక్కల ఎముక దగ్గర మొదలవుతుంది. ముందు వీపు, తర్వాత మోచేయి, తర్వాత మణికట్టు, చిట్టచివర వేళ్ళు. వీపు కదలకుండా మణికట్టు మాత్రం ఆడిస్తే విసనకర్ర ఊపినట్టుంటుంది. నేర్చుకునేవాళ్ళలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే, మూడో నిమిషానికల్లా భుజాలు చెవుల దగ్గరికి వచ్చేస్తాయి.

కూచిపూడి పిల్లలకు ఇంకో సంగతి తప్పక చెప్పాలి. హంస అనగానే మనకు నడక గుర్తొస్తుంది, హంసనడక అంటాం. చేతిలో హంసాస్యం, హంసపక్షం ఉన్నాయి. ఒడెట్‌లో ఆ నడకా లేదు, ఆ హస్తాలూ లేవు. అక్కడ హంసంటే మెడ, వీపు, రెక్క. ఆడపిల్ల ఒంట్లో చిక్కుకున్న పక్షి బయటికి పోలేక కొట్టుకోవడం. అదాజియో చివర చూడండి, రాజకుమారుడు నడుము పట్టుకుని ఉండగా ఆమె ఒక పాదం రెండో కాలి చీలమండ దగ్గర టపటపా కొట్టుకుంటుంది. పైనుంచి చూస్తే ఒళ్ళు నిశ్చలం. పాదం మాత్రం గుండె కొట్టుకున్నట్టు. రెండో అంకంలో నన్నడిగితే ఇంతకు మించినది లేదు.

ఆపి చూపించాల్సిన రెండో చోటు అంకం చివర ఆమె వెళ్ళిపోవడం. మంత్రగాడు రోత్‌బార్ట్ లాగుతున్నట్టు మునివేళ్ళ మీద చిన్నచిన్న అడుగులతో, రెండు పాదాలూ దగ్గరగా, వీపు మనవైపు పెట్టి జారిపోతుంది. అడుగులు విడివిడిగా కనిపించకూడదు. చేతులు మాత్రం వెనక్కి పిలుస్తున్నట్టు అలలుగా. ముఖం కనిపించదు, అయినా ఏడుపు తెలుస్తుంది. సాత్వికం, అంటే లోపలి భావం పైకి తెలియడం, ముఖంలోనే ఉంటుందనుకునే పిల్లలకు ఇది మంచి పాఠం.

జడకుచ్చు, పాలకొల్లు

దీనికి పక్కన భామాకలాపం పెట్టి చెప్పండి. సత్యభామ తెర వెనక నుంచి జడ తెర మీదుగా వేస్తుంది, ముఖం చూపించకముందే పాత్ర నిలబడిపోతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు వేసిన సత్యభామలో అందరూ చెప్పుకునేది కూడా నడక, వీపు, జడ పట్టుకునే తీరు. మగవాడు ఆడవేషం కట్టి అంతటి ఠీవి తేవడానికి ముఖం ఒక్కటే చాలదు. మన గోదావరి జిల్లాల్లో కళావంతులు కూడా భామాకలాపం ఆడేవారు, పిల్లలు ఇది తెలుసుకోవాలి. నాట్యం కృష్ణాజిల్లాలోనే పుట్టి అక్కడే ఆగలేదు.

సత్యభామది ఒకే పాత్రలో గర్వమూ విరహమూ. ఒడెట్, ఒడీల్‌లది ఒకే నర్తకిలో రెండు పాత్రలు. అందులోనూ ఒడీల్ చేసేది ఇంకా కష్టం, ఆమె ఒడెట్‌ను అనుకరించాలి. జంట నృత్యంలో మధ్యమధ్య ఒడీల్ ఉన్నట్టుండి ఒడెట్ చేతులు వేస్తుంది. రాజకుమారుడు మోసపోవాలి, మనం మోసపోకూడదు. చేతుల రూపం ఒడెట్‌ది, చూపు మాత్రం ఒడీల్‌ది. కిటికీలో అసలు ఒడెట్ కొట్టుకుంటూ కనిపించే చోట తప్పక ఆపండి.

నల్లదుస్తులు 1895 నాటివి కావు, తర్వాత స్థిరపడ్డవి. నలుపు చూసి చెడ్డదని అనుకోవద్దని చెబితే, ఒంటి కదలికలో తేడా వెతుకుతారు.

కీళ్ళునొప్పులు, భీమవరం

పాయింట్ షూస్ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. దయచేసి వద్దని చెప్పండి. మునివేళ్ళ మీద నిలబడడం బ్యాలేలో కొన్నేళ్ళు నేర్చుకున్నాక, సాధారణంగా 11, 12 ఏళ్ళు దాటాక, గురువు పరీక్షించి పంపే మెట్టు. కూచిపూడిలో ఎంత సాధన ఉన్నా అది వేరే బలం. మోకాళ్ళు వంచి నిలిచే అరమండిలో పాదం మొత్తం నేల మీద ఉంటుంది. ఇక్కడ ఒంటి బరువంతా వేళ్ళ చివర పడుతుంది, చీలమండ పూర్తిగా చాచి గట్టిగా నిలవాలి. ఒంటికాలి మీద మోకాలు వంచకుండా, ఒరగకుండా 20 సార్లు మడమ ఎత్తలేని పిల్లను ఆ బూట్లలో నిలబెడితే చీలమండ మడత పడడం, పాదం ఎముక చిట్లడం సులువు. ఎదిగే పిల్లల ఎముక చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. గ్రానైట్ నేల మీద అయితే ఇంకా ప్రమాదం, జారి పడినా నేల కాస్తయినా కుంగదు.

కావాలంటే నున్నటి చెక్క నేల మీద చెప్పుల్లేకుండా మడమలెత్తే సాధన చేయించండి. నెమ్మదిగా నాలుగు అక్షరాలు లేచి, నాలుగు అక్షరాలు దిగడం. దిగడమే ముఖ్యం. వాళ్ళ కూచిపూడికీ అది ఉపయోగమే.

తెరవెనుక, కాకినాడ

షూస్ సంగతి ఒకటి కలుపుతాను. ముందుభాగం గట్టిగా ఉండడానికి లోపల కర్రా ఇనుమూ ఉంటాయని చాలామంది అనుకుంటారు. సంప్రదాయ షూలో ఉండేది గుడ్డ, కాగితం పొరలు, జిగురు. అందుకే చెమటకూ తేమకూ మెత్తబడిపోతాయి. మన సముద్రతీరపు తేమలో ఇంకా తొందరగా. వాడాక మడతపెట్టి సంచిలో కుక్కకుండా, గాలి తగిలేచోట విప్పి వేలాడదీయాలి, ఎండలో పెట్టకూడదు. సంప్రదాయ షూలకు కుడి, ఎడమ తేడా ఉండదు. పెద్ద నర్తకులు ఒక్క ప్రదర్శనలోనే జత మార్చేస్తారు. ఒడెట్‌కు చప్పుడు రాని మెత్తటి జత, ఒడీల్‌కు చుట్లలో నిలబడే గట్టి జత. రెండో అంకంలో టకటకా చప్పుడు వినిపిస్తే హంస భ్రమ చెదిరిపోతుంది.

వడ్రంగిపని, రాజోలు

నేల గురించి. గ్రానైట్ మీద పాదఘట్టన కూచిపూడికీ మంచిది కాదు, ముంగాలి ఎముకలు నొప్పెడతాయి. 16 అడుగుల చదరం చాలనుకుంటే ఇలా చేయవచ్చు. కింద అడుగుకొకటి చొప్పున గట్టి ఫోమ్ దిమ్మలు. వాటి మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, పై పొర కింది పొరకు అడ్డంగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. 8×4 షీట్లు పొరకు 8, మొత్తం 16. స్క్రూ తల చెక్కలోకి దిగిపోవాలి, పాదాలకు తగలకూడదు.

మన దగ్గర రెండు చిక్కులు. తేమకు చెక్క ఉబ్బుతుంది కాబట్టి నీటికి తట్టుకునే రకమే కొనండి, గోడ వారగా చుట్టూ వేలెడు ఖాళీ వదలండి. వదలకపోతే వానాకాలంలో మధ్యలో పొంగుతుంది. రెండోది చెద. వేసేముందే మందు కొట్టించి, ఒక పక్క విప్పి చూసేలా పెట్టుకోండి. పైన మైనం పూయకండి, జారుతుంది.

కోనసీమ నట్టువాంగం, అమలాపురం

అందరికీ నమస్కారాలండీ. రెండో అంకం నుంచి వేస్తున్నాం, మూకాభినయం ముందురోజే నేర్పేస్తాం. ఆపేది నాలుగు చోట్ల: పాదం కొట్టుకునే చోట, వీపు చూపి వెళ్ళిపోయే చోట, కిటికీ దగ్గర, రెండు వేళ్ళు ఎత్తిన చోట. చుట్లకు ఆపం, తాళం వేయిస్తాం. షూస్ ఆలోచన మానిపిస్తాం. చివరి ప్రశ్న: ముగింపు ఒక్కో రికార్డింగులో ఒక్కోలా ఉందే?

జడకుచ్చు, పాలకొల్లు

1895 రూపంలో ఒడెట్ సరస్సులో దూకుతుంది, రాజకుమారుడూ ఆమెతో పాటే ప్రాణం వదులుతాడు, మంత్రం విరుగుతుంది. సోవియట్ కాలంలో కొన్నిచోట్ల ఇద్దరూ బతికేలా మార్చారు. మన వేదిక మీద మంగళం లేనిదే దిగం కాబట్టి చిన్నవాళ్ళు ఉన్నారని రెండోదే వేద్దామనిపిస్తుంది. కానీ మూకాభినయం ఉన్న రికార్డింగు తీసుకుంటే అందులో ఏ ముగింపు ఉందో ముందే చూసుకోండి. పిడికిళ్ళు అడ్డంగా వేసి దించే సైగ పిల్లలకు నేర్పారంటే, ఆ సైగ తీర్చుకునే ముగింపే వేయాలి.